పత్రిక రాని వారం

"ఇంక గొట్టం అక్కర్లేదక్కా" అన్నాడు తమ్ముడు ఫోనులో. పిన్ని పోయిందని చెప్పడానికి వాడికి దొరికిన మాట అదొక్కటే. నేను నెల్లూరులో ఒక ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే పరగడుపున వచ్చిన జనం వరసగా కూర్చుని ఉన్నారు. రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపిన పెద్దాయన నా ముఖం చూసి, ఏమీ అడగకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఫోన్ చేసినవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, ఆమె మంచం పట్టిన చివరి నెలలు ముందుకొచ్చి దారికి అడ్డం నిలబడుతున్నాయి. వాటిని పక్కకు జరపడం నాకు చేతకావడం లేదు. అందుకని మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తాను. చివరికి ఎలాగూ అక్కడికే చేరాలి.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే పిన్నివాళ్ల పాలెం వస్తుంది. చిన్నాయన వేటకు పోయేవాడు. పిన్ని మిగతా ఆడవాళ్లతో కలిసి ఇసుకలో చేపలు ఎండబెట్టేది. సెలవులిస్తే చాలు, మా అమ్మ నన్ను తీసుకొచ్చి అక్కడ దించి పోయేది. మధ్యాహ్నం ఒకసారి చేపలు తిరగేశాక ఇక మిగిలేది కాకుల్ని కాయడమే. అలా కూర్చున్న ఆడవాళ్లకు పిన్ని వారపత్రికలో వచ్చే సీరియల్ చదివి వినిపించేది. ఆమె చదువుకున్నది ఏడో తరగతి దాకా. ఒక చేతిలో పత్రిక, ఇంకో చేతిలో కర్ర. కథానాయకుడు మనసు విప్పి మాట్లాడుతుంటే మధ్యలో "ఉష్, పో" అని కాకి మీదికి కర్ర ఊపి, ఆగిన మాట దగ్గరినుంచే మళ్లీ అందుకునేది. ఎన్నో ఏళ్ల తర్వాత మరోచోట ఎవరో నవల చదివి వినిపిస్తుంటే నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చూసుకుంటే, కాకులు లేవు.

పత్రిక గూడూరు నుంచి బస్సులో వాకాడుకు, అక్కడినుంచి ఎవరి సైకిలు మీదో పాలేనికి వచ్చేది. ఒక సీరియల్ అయిపోగానే పిన్ని ఆ పేజీలన్నీ పత్రికల్లోంచి విడదీసి, వరసగా పేర్చి, పుస్తకం కుట్టేది. ఈ పని చాలా తెలుగు ఇళ్లలో జరిగిందే. కాకపోతే పిన్ని కుట్టేది వల బాగుచేసే దారంతో, చిన్నాయన నేర్పిన వలముడితో. కాగితం చిరిగితే చిరగాలి గానీ కుట్టు ఊడేది కాదు. అట్టకు సిమెంటు సంచి కాగితం. ఏ పుస్తకం తెరిచినా ముందు ఎండు నెత్తళ్ల వాసన వచ్చేది, తర్వాతే కథ.

ఒక కార్తీకంలో పెద్ద తుఫాను పట్టింది. స్వర్ణముఖి పొంగి రోడ్డు తెగింది. బస్సు రాలేదు, ఆ వారం పత్రిక రాలేదు. వానలు తెరిపిచ్చాక చిన్నాయన గూడూరు దాకా పోయి అడిగితే, ఆ కట్ట తడిసి ముద్దయిపోయిందన్నారట. అంతకు ముందువారం కథ ఆగిన చోటు చూడండి. అన్నతో కలిసి రైల్లో పోతున్న అమ్మాయి, చెంబు పట్టుకుని నీళ్ల కోసం ఒక చిన్న స్టేషన్లో దిగుతుంది. రైలు కూత వేస్తుంది. అంతే. ఆ తర్వాత మాకు అందిన వారంలో ఆ అమ్మాయి ఏదో కొండ ఊరి ఆస్పత్రిలో నర్సు. హాయిగా నవ్వుతూ ఉంటుంది. అన్న ఊసే ఎత్తదు. మధ్యలో ఏం జరిగిందో కథ ముగిసేదాకా ఎవరూ మాటవరసకైనా చెప్పరు.

ఆ సీరియల్ కుట్టేటప్పుడు పిన్ని, ఆ వారం ఉండాల్సిన చోట తెల్లకాగితాలు పెట్టి కుట్టింది. ఇవెందుకని చిన్నాయన అడిగాడు.

"ఏమీ జరగనట్టు ఈ పక్కా ఆ పక్కా కలిపి కుట్టేస్తే ఎట్టా? ఏదో జరిగింది గదా ఆ అమ్మికి" అంది.

ఆ కాగితాల మీద ఎవర్నీ ఒక్క అక్షరం రాయనిచ్చేది కాదు. కానీ ఆ పుస్తకం మళ్లీ చదివినప్పుడల్లా, తెల్లకాగితాల దగ్గరికి రాగానే పత్రిక రాని వారం వచ్చిందని ఆపేది. కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఆ వారం కథ చెప్పాలి. అది మా పాలెంలో ఒక ఆచారంలా స్థిరపడిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు కూడా వంతు వచ్చేది.

ఎదురింటి అక్క ఉండేది, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. నోరు తెరిస్తే ఎవరినీ లెక్కచేయదు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం చాలాసేపు ఇసుక గీరుతూ కూర్చుంది. "దాన్నెవురూ దించలా, ఎవురూ ఎత్తకపోలా. రైలు కదిలిపోతా ఉంటే చూస్తా నిలబడింది. ఎక్కబుద్ధి గాలా, అంతే" అంది. తర్వాత గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె ఇంటికి పోవడానికి చాలా చుట్టుదారి పట్టిందని తర్వాత పిన్ని చెప్పింది.

ఇంకొకామె, అన్న రైల్లోంచి దూకి వెతికాడని, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడని చెప్పింది. ఆమె పుట్టింటి నుంచి ఏ పండక్కీ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చిన్నాయనకు ఒకసారి వంతు వస్తే, "ఆ ఊరి నీళ్లు తియ్యగా ఉండుంటాయి. అందుకే ఆడే ఉండిపోయింది" అని వల దులుపుకుంటూ లేచాడు. మా పాలెంలో ఏ బోరు వేసినా ఉప్పునీళ్లే.

పిన్ని ఎవరి మాటా కొట్టేసేది కాదు. చిన్న చిన్న ప్రశ్నలు వేసేది. అట్టయితే చెంబేమయింది? అన్న చేతిలో టిక్కెట్లు రెండూ ఉండిపోయినాయి గదా, ఆయన వాటినేం చేసినాడు? స్టేషన్లో కుక్కేమన్నా ఉన్నిందా? ఆమె అలా అడుగుతుంటే చెప్పేవాళ్ల ముఖాలు మారిపోయేవి. అంతకుముందు తమకే తెలియని సంగతి ఏదో వాళ్ల నోట్లోంచి బయటికి వచ్చేది.

నాకు మాత్రం ఒళ్లు మండేది. చిన్నప్పటినుంచీ నాకు జవాబు కావాలి. అది కూడా ఒక్కటే కావాలి. "అసలు నువ్వేమనుకుంటావు పిన్నీ" అని పీక్కుతినేదాన్ని. "ఇంకా అనుకుంటానే ఉండా పాపా" అనేది. ఏళ్లు గడిచినా ఆ జవాబు మారలేదు.

కాలేజీ రోజుల్లో నెల్లూరులో పాత పుస్తకాల కొట్టులో ఆ సీరియల్ నవలగా అచ్చయిన ప్రతి దొరికింది. కొట్టు ముందు నిలబడే ఆ భాగం చదివేశాను. ఆ అమ్మాయి ఎండదెబ్బకు స్పృహతప్పి పడిపోతుందట. ఒక ముసలి డాక్టరు చేరదీసి చదివిస్తాడట. అంతే సంగతి. ఆ శనివారమే బస్సెక్కి పాలేనికి పోయాను. వాకిట్లో అడుగుపెడుతూనే తెలిసిపోయిందని చెప్పాను. పిన్ని పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి, పీట వేసుకుని, "చెప్పు మరి" అంది. మొత్తం విని, "ఓహో, రాసినాయన అట్ట అనుకున్నాడా" అంది. అదీ ఒకరి మాటే అన్నట్టు.

"అనుకోవడం గాదు పిన్నీ, జరిగిందే అది. మిగతావాళ్లు చెప్పినవన్నీ తప్పు."

"తప్పెట్టవుతాయి పాపా? వాళ్లు చెప్పేటప్పుడు నువ్వు ఈడనే కూర్చోనుంటివి గదా" అంది. నా పుస్తకాన్ని భద్రంగానే తీసి పెట్టుకుంది. తెల్లకాగితాల పుస్తకం పక్కనే దానికీ చోటిచ్చింది.

తెలియనిదాన్ని తెలియనట్టే ఉండనివ్వడం కథల్లో కుదిరినట్టే మనుషుల విషయంలోనూ ఆమెకు కుదిరేది. పాలెంలో ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే, మిగతావాళ్లు తీర్పులు చెబుతుంటే, పిన్ని ఒక మాట అనేది: "వాళ్ల కథలో మనకొక వారం అందలా." చెన్నైలో పనికి పోయి తిరిగొచ్చిన ఒక పిల్లవాడు ఎవరితోనూ మాట్లాడకుండా పడవ నీడన కూర్చునేవాడు. ఊరంతా వాడికి రకరకాల జబ్బులు అంటగట్టింది. పిన్ని పోయి పక్కన కూర్చుని, మద్రాసులో సాంబారు ఎట్టుంటదో అడిగింది. తర్వాత కూడా చాలా రోజులు సాంబారు గురించే మాట్లాడుకున్నారు. చివరికి వాడు ఆమెకు ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో నాకు తెలియదు. వాడు మళ్లీ వేటకు పోవడం మాత్రం చూశాను.

నా సంసారం చెడి నేను పెట్టె సర్దుకుని వచ్చేసినప్పుడు అయినవాళ్లు, కానివాళ్లు అందరూ ఏం జరిగిందని అడిగారు. కొందరు అడక్కుండానే చెప్పేశారు. పిన్ని నాకు రొయ్యల పులుసుతో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ వయసులో ముద్దలేమిటని సిగ్గుపడ్డాను గానీ తిన్నాను. "చెప్పబుద్ధయినప్పుడు చెప్పు. లేదా, ఆ వారం తెల్లంగానే ఉండనీ" అంది. నేను ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆమె అడిగి ఉంటే ఏదో ఒక అబద్ధం అల్లి, జీవితాంతం దాన్నే మోస్తూ ఉండేదాన్ని. అడగనందుకు ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆమెతో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా తెలుసులే అనుకున్నాను. ఇలాంటివన్నీ తెలుసులే అనుకునే గడిపేస్తాం.

చిన్నాయన పోయాడు. వారపత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పిన్ని మాత్రం కుట్టిన పుస్తకాలే మళ్లీ మళ్లీ చదువుకుంటూ, ఇంటికి వచ్చినవాళ్లను ఆ వారం ఏం జరిగి ఉంటుందని అడుగుతూనే ఉండింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతన్ని కూడా వదల్లేదు. అతను నిలబడే చెప్పాడట, ఆ అమ్మాయి కావాలనే ఇంకో రైలెక్కిందని.

పోయిన వేసవిలో ఒక ఉదయం పిన్ని చీపురు పట్టుకుని వాకిట్లోనే కూలబడింది. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, నోరు పడిపోయింది. ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మింగడం రాదు కాబట్టి ముక్కులోంచి గొట్టం వేశారు. పాలు, రాగిజావ అందులోంచే పోయాలి. ఇంటికి వచ్చిన మర్నాడే పిన్ని ఎడమచేత్తో గొట్టం లాగేసింది. ఆటోలో తీసుకుపోయి మళ్లీ వేయించారు. వేసేటప్పుడు ఆమె పడే బాధ చూడలేక తమ్ముడు వరండాలోకి పారిపోయేవాడు. మళ్లీ లాగేసింది. మళ్లీ వేయించారు. చివరికి, ఆ మంచి చెయ్యిని మంచం పట్టెకు కట్టి ఉంచమని అక్కడివాళ్లే చెప్పారు. తమ్ముడు ఆమె పాత నూలుచీర అంచు చింపి, మెత్తగా ఉండేట్టు చుట్టి కట్టాడు. కట్టి బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అమ్మకు ఇది ఒద్దేమో అక్కా" అన్నాడు. "ఒద్దనే లాగతా ఉందేమో. మనం ఊరికే హింస పెడతా ఉండామేమో."

"దురద పెట్టి లాగుతుందేమోరా. తీసేస్తే ఆకలితో పోతుంది" అన్నాను.

"నువ్వు అడుగక్కా. నీకైతే తెలస్తది."

డాక్టరును అడిగాం. ఆమెకు ఎంత అర్థమవుతుందో కచ్చితంగా చెప్పలేనన్నాడు. నా ఉద్యోగం చూడబోతే, ఉంది లేదు అని తేల్చి రిపోర్టు ఇవ్వడం. అవునంటే నా చెయ్యి నొక్కు పిన్నీ అన్నాను. నొక్కింది. గొట్టం కావాలా అంటే నొక్కింది. వద్దా అంటే నొక్కింది. విసుగొచ్చి "నువ్వు కాకివా పిన్నీ" అని అడిగితే, అప్పుడూ నొక్కింది. అది ఆమె వేళాకోళమో, చెయ్యి తనంతట తానే బిగుసుకోవడమో కూడా తెలియలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆమె నేర్పినదాని మీదే నాకు కోపం వచ్చింది. కథలో తెలియకపోవడం హాయిగానే ఉంటుంది. ఇసుకలో కూర్చుని తలా ఒకటి చెప్పుకోవచ్చు. ఇంట్లో మంచం మీద కన్నతల్లి లాంటి మనిషి చెయ్యి కట్టేసి ఉన్నప్పుడు, ఆమెకు బతకాలని ఉందో లేదో తెలియకపోవడం గొంతులో ఇరుక్కున్న చేపముల్లు. తమ్ముడు ఒకరోజు తీసేద్దామనేవాడు, ఇంకోరోజు వద్దనేవాడు. నేనూ అంతే. ఒక్కరోజు కూడా ఇద్దరం ఒకే మాట మీద లేము. ఏ రోజుకారోజు జావ కాచి పోస్తూనే ఉన్నాం.

ఆదివారాలు పోయి ఆమె పక్కన కూర్చుని చదివేదాన్ని. ఇంకేం చేయాలో తోచక చదివేదాన్ని. చదువుతున్నంతసేపూ కట్టు విప్పేసి, ఆ చెయ్యిని నా ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఆశ్చర్యంగా, ఆ కాసేపు చెయ్యి గొట్టం వైపు పోయేది కాదు. వింటోందని నేనన్నాను. అలిసిపోయి ఉంటుందని తమ్ముడన్నాడు. ఎవరిది నిజమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమె పోయిన రోజు ఎదురింటి అక్క నా పక్కన కూర్చుని, "ఆఖర్న నీకేమన్నా చెప్పిందా మే" అని అడిగింది. చెప్పిందన్నాను. ఏం చెప్పిందని ఆమె అడుగుతుంటే శవయాత్ర డప్పులు మొదలయ్యాయి. నేను తప్పించుకున్నాను. ఇక్కడ తప్పించుకోను.

పిన్ని పోవడానికి ముందు ఆదివారం. మధ్యాహ్నం. తెల్లకాగితాల పుస్తకమే చదువుతున్నాను. అమ్మాయి చెంబు పట్టుకుని స్టేషన్లో దిగింది. రైలు కూత వేసింది. పేజీ తిప్పితే తెల్లకాగితం. అలవాటు కొద్దీ, పత్రిక రాని వారం వచ్చింది పిన్నీ అని ఆగాను. తమ్ముడు పెరట్లో గిన్నెలు కడుగుతున్నాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. వంతు ఎవరిదో నేను ఆలోచించలేదు.

పిన్ని నోరు కదిలింది. మొదట దగ్గేమో అనుకున్నాను. కాదు, మాట. మాట కాని మాట. గొంతులోంచి ఒక శబ్దం, దాని వెనక ఇంకోటి. ఎక్కడో లేచి, ఎక్కడో తగ్గి, ఆగి, మళ్లీ అందుకుంటోంది. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. ఎడమచెయ్యి నా ఒళ్లోంచి లేచింది. గాల్లో ఏదో చూపించింది. ముక్కు దాకా పోయి గొట్టాన్ని తాకింది. లాగలేదు. అక్కడినుంచి నా చెంప మీదికి వచ్చింది, తర్వాత పుస్తకం మీదికి. అన్నేళ్లు దాచుకున్న ఆ వారం కథ చెబుతోందా? గొట్టం తీసేయమంటోందా? ఉండనివ్వమంటోందా? ఆకలంటోందా? చిన్నాయనను పిలుస్తోందా? ఆమె కళ్లు మాత్రం నన్ను వదల్లేదు. చెబుతున్నది నాకు అందుతోందో లేదో చూస్తున్నాయి.

ఆ చప్పుడుకు తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకు తడి కూడా తుడుచుకోలేదు.

"ఏమంటా ఉందక్కా? గొట్టం గురించేనా? ఏమంటా ఉంది?"

పిన్ని ఆగింది. వాడి వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది. ఏదైనా ఒక్క మాట చెబితే వాడికి నిద్రపడుతుంది. ఆ ఒక్క మాట నా దగ్గర లేదు.

"చెప్తా ఉందిరా" అన్నాను. "కూర్చో."

వాడు మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. "ఊ" అన్నాను నేను. పిన్ని మళ్లీ మొదలుపెట్టింది. ఆమె ఆగిన ప్రతిచోటా నేను ఊ కొట్టాను. కాసేపటికి, తల పైకెత్తకుండానే, వాడూ ఊ కొట్టడం మొదలుపెట్టాడు.